వదినకు సముద్రం చూపిస్తానన్నాను

మా వదిన ఖతార్ వచ్చిన రెండో రోజు సాయంత్రం దోహా కార్నిష్ మీద నిలబడి, ఎదురుగా ఉన్న నీళ్లను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసి, ఇది సముద్రం కాదని తేల్చేసింది.

"అలలేవే?"

"గల్ఫ్ గదా వదినా. ఇక్కడ నీళ్లు ఇట్లనే నిమ్మళంగ ఉంటయి."

"పోచంపాడు డ్యామ్ మీద గాలి గొడితే గింతకన్న పెద్దయి లేస్తయి. గోడ గట్టి, రాళ్లు పేర్చి, పక్కపొంటి తొవ్వ ఏసిండ్రు. దిగుదామంటే ఏడ దిగాలె? గీన్ని సముద్రమని ఎవలన్న అంటరా?"

నీళ్లకు అవతల అద్దాల మేడలన్నీ దీపాలు పెట్టుకుని నిలబడి ఉన్నాయి. మన వైపు నుంచి ఎవరొచ్చినా ముందు వాటిని చూసి నోరు తెరుస్తారు. వదిన మాత్రం, రంగు నచ్చని చీరను దుకాణానికొచ్చిన గిరాకి ఎట్లా పక్కకు జరుపుతుందో అట్లా ఒక్క చూపుతో జరిపేసింది. ఆమె వచ్చింది మేడల కోసం కాదు.

వదిన అంటే మా పెద్దన్న భార్య. జగిత్యాలలో మాది బట్టల దుకాణం. పెళ్లయిన ఏడాదికే ఆమెను మావాళ్లు దుకాణంలో గద్దె మీద కూర్చోబెట్టారు. ఇరవై అయిదేళ్లయింది, ఇంకా లేవనివ్వలేదు. సముద్రం చూడాలన్నది ఆమెకున్న ఒకే ఒక్క కోరిక. విశాఖపట్నం పోదామనుకున్న ఏడాది పెళ్లిళ్ల సీజన్ అడ్డమొచ్చింది. పూరీ అనుకున్న ఏడాది దసరా సరుకు వచ్చి పడింది. ఇక నా పెళ్లి సంగతి చెప్పుకోవాలి. మా ఆయనది కాకినాడ. రిసెప్షన్‌కు మా వాళ్లంతా రెండు బస్సులు కట్టుకుని అక్కడికి పోయారు. మూఢం వచ్చే ముందు ఆఖరి ముహూర్తాలు, దుకాణం మూయడానికి లేదని వదిన ఒక్కతే ఆగిపోయింది. నేను పెళ్లికూతురి గాజులతో బీచ్ మీద బోలెడు ఫోటోలు దిగాను. వదిన రాలేదన్న సంగతి నాకు తట్టింది ఆ మర్నాడు, అది కూడా నా జడ పిన్నులు ఏ సంచిలో పెట్టిందో అడగాల్సి వచ్చినప్పుడు.

అట్లాగని ఆమె నాకు పరాయిదేం కాదు. ఆడపిల్లకు హైదరాబాదులో ఫార్మసీ చదువెందుకని మా నాన్న అడ్డం తిరిగితే, వారం రోజులు ఆయన పళ్లెంలో అన్నం వడ్డిస్తూ, ప్రతి పూటా అదే మాట తెచ్చి ఒప్పించింది వదినే. ఆ చదువుతోనే నేనిప్పుడు అల్ సద్‌లో ఒక క్లినిక్ మందుల కౌంటర్ వెనక నిలబడి ఉన్నాను. ఏడేళ్లయింది.

పది రోజులు ఉండి పోదామని విజిట్ మీద వచ్చిన వదిన, వచ్చీరాగానే తన ఫోన్‌లో ఒక వీడియో తీసి చూపించింది. దుకాణానికి వచ్చిన గిరాకి ఒకామె పంపిందట, ఆమె మొగుడు ఇక్కడే డ్రైవరు. పెద్ద పెద్ద ఇసుక గుట్టలు, వాటి నడుమ నుంచి నీలంగా లోపలికి వచ్చిన సముద్రం.

"మీ దుబాయ్‌ల ఇది ఏడ ఉన్నదే?"

ఇది దుబాయ్ కాదని మా ఊరి వాళ్లకు చెప్పడం నేను మొదటి ఏడాదే మానేశాను. అది ఖోర్ అల్ అదైద్ అని, దేశానికి దక్షిణం కొసన ఉంటుందని, సీలైన్ అనే చోట తారు రోడ్డు అయిపోతుందని, అక్కడి నుంచి ఇసుక మీద నడిచే పెద్ద బండ్లే పోతాయని చెప్పాను. చెబుతుంటే నాకే కొంచెం సిగ్గనిపించింది. ఏడేళ్లలో నేను అక్కడికి పోలేదు. ఆ బండికి వాళ్లు అడిగే కిరాయి నాకు ఎన్నడూ న్యాయంగా కనబడలేదు.

"చూపిస్త వదినా," అన్నాను.

"మాటనా?"

"మాటనే."

నాకూ మా ఆయనకూ సెలవు కలిసేది శుక్రవారం. ఆమె విమానం శనివారం పొద్దున. మొదటి శుక్రవారం కార్నిష్‌తోనే అయిపోయింది కాబట్టి మిగిలింది ఒక్క రోజే. బుద్ధి ఉన్నవాళ్లెవరైనా ఏం చేస్తారు? పొద్దున లేచి నేరుగా సీలైన్ పోతారు. మా ఆయన అదే అన్నాడు. "అదైద్ ఒక్కటే పెట్టుకుందాం. ఎనిమిదింటికల్లా అక్కడుంటే, అక్కయ్యగారు తీరిగ్గా చూసుకుంటారు."

కానీ ఒక్క పని మీద బయలుదేరడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. మా నాన్న సరుకు కోసం హైదరాబాదు పోతే, ఆ ఒక్క ప్రయాణంలోనే పన్ను పీకించుకుని, ఎవరో దూరపు చుట్టం పోతే పలకరించి, ఇంకెవరి పిల్లకో సంబంధం చూసి, వస్తూ వస్తూ సగం ధరకు గోడ గడియారం పట్టుకొచ్చేవాడు. నేను ఆయన బిడ్డనే. ఖతార్ ఎంత దేశం? మన పాత కరీంనగర్ జిల్లా అంత. పొద్దున పడమటికి పోయి జెక్రీత్ ఎడారి, అక్కడి నుంచి పైకి పోయి జుబారా కోట, మధ్యాహ్నం కిందికి దిగి సముద్రం. ఒక్క రోజులో దేశం మొత్తం అయిపోతుంది.

"పెట్రోల్ ఎట్లాగూ పోస్తున్నం గదా," అన్నాను.

"ఇక్కడ చవగ్గా దొరికే పెట్రోల్ కూడా దండగ అనే మనిషిని నిన్నొక్కదాన్నే చూశాను," అన్నాడు ఆయన.

ఆయనకు చెప్పని లెక్క ఇంకొకటి ఉంది. శుక్రవారం పొద్దున సీలైన్‌లో జనం ఎగబడతారు. అప్పుడు బండ్లవాళ్ల మాటే మాట. మధ్యాహ్నం దాటాక పోతే, గిరాకి తగలక కూర్చున్నవాళ్లు దిగి వస్తారు. కూరగాయల బండి దగ్గర చీకటి పడే ముందు నిలబడితే వంకాయలు సగానికి వస్తాయని నాకు ఆరేళ్లప్పుడే తెలుసు. ఈ తెలివికి రాత్రి నిద్రపోయే ముందు నన్ను నేనే మనసులో చాలా మెచ్చుకున్నాను.

ఏడింటికి బయలుదేరాం. వదిన ఒక సంచిలో పాత చీర పెట్టుకుంది, నీళ్లలో దిగాక మార్చుకోవడానికి. "కాళ్లు కడుక్కోను మంచినీళ్లు తెచ్చినవా?" అని కారెక్కగానే అడిగింది. తెచ్చానన్నాను. డబ్బా నిండా సర్వపిండి, పులిహోర కూడా తెచ్చాను. దారిలో కొనుక్కు తినడం నాకు పడదు.

జెక్రీత్‌లో తారు రోడ్డు వదిలి ఎడారిలోకి దిగాక, మా చిన్న కారు ముసలి ఎద్దులా నడవడం మొదలుపెట్టింది. అరగంట ఊగులాడి, నిలువెత్తు ఇనుప పలకలు నాలుగు ఇసుకలో దూరదూరంగా పాతిపెట్టిన చోటికి చేరాం. ప్రపంచంలో ఎక్కడెక్కడి నుంచో వచ్చి చూస్తారని వదినకు చెప్పాను.

ఆమె మొదటి పలక చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. "ఎవలన్న ఇల్లు మొదలువెట్టి ఇడిసిపెట్టిండ్రా?"

"కాదు వదినా. అది కళ అట."

"దేనికి?"

"ఊకెనే. చూడటానికి."

"ఊకెనేకు గింత ఇనుమా?" అని, "సముద్రం ఇంకెంత దూరమున్నది?" అంది.

వచ్చేటప్పుడు వెనక చక్రం ఇసుకలో కూరుకుపోయింది. మా ఆయన దిగి, చేతులతో ఇసుక తోడాడు. నేను స్టీరింగ్ పట్టుకున్నాను, వదిన చెంగు నడుముకు చుట్టి వెనక నుంచి నెట్టింది. ముప్పావు గంట తర్వాత ఒక పికప్ బండి వాళ్లు వచ్చి తాడు కట్టి లాగారు. మా ఆయన చేతులు దులుపుకుని మళ్లీ స్టీరింగ్ పట్టాడు. ఆయన ఏమీ అనకపోతే నాకు ఇంకా మంట.

జుబారా కోట ముందు ఆగేసరికి పదకొండు. తలుపు మూసి ఉంది. కాపలా మనిషి నేపాలీ, మర్యాదగా చెప్పాడు. "మేడమ్, ఈరోజు శుక్రవారం. జుమ్మా నమాజు తర్వాత తెరుస్తారు."

శుక్రవారం పొద్దున ఈ దేశంలో చాలా చోట్ల తలుపులు తీయరని ఏడేళ్లుగా ఉంటున్న నాకు తెలియదా? తెలుసు. ఆ రోజు గుర్తుకు రాలేదు, అంతే. అయినా ఊరుకోలేక అతనితో బేరం మొదలుపెట్టాను. లోపలికి వద్దు, గడప దాకా రానివ్వు. అది కాకపోతే ఒక్క అయిదు నిమిషాలు. ఆమె రేపే పోతుంది, ఇండియా నుంచి వచ్చింది. అతను నవ్వుతూ, తానూ దూరం నుంచే వచ్చానన్నాడు.

వదిన కోట గోడను కింది నుంచి పైదాకా చూసింది. "మన జగిత్యాల ఖిల్లా దీనికన్న పెద్దది," అంది. "తలుపులు గూడ మూసి ఉండవు." దూరంగా నేల చివర సన్నగా నీలంగా ఏదో మెరిస్తే చెయ్యి చాపింది. "అదేనా?"

"అది కాదు వదినా, అటు అంతా బురద. దిగరాదు. మనం పోయేది అసలుది."

"అయితే పోదాం పా. ఇంకేం చూపియ్యకు."

ఆ చివరి మాట మెత్తగానే అంది. మళ్లీ దోహా వైపు కిందికి దిగాం. దోహా పొలిమేరలో మెసైమీర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, కారులోనే సర్వపిండి తిన్నాం. వదిన ఒక్క ముక్క తుంచుకుని, కిటికీలోంచి ఎండ ఎక్కడిదాకా వచ్చిందో చూస్తూ కూర్చుంది. డిసెంబరు పొద్దు అయిదు కాకముందే కుంగిపోతుంది.

సీలైన్ చేరేసరికి రెండుంబావు. తారు రోడ్డు అక్కడ ఇసుకలోకి పోయి ఆగిపోతుంది. దాని పక్కన రంగు గుడ్డలు కప్పిన ఒంటెలు, చెవులు పగిలేట్టు మోగే నాలుగు చక్రాల మోటార్లు, ఇసుక మీద నడవడానికి టైర్లలో గాలి తీస్తున్న పెద్ద బండ్లు. నేను అనుకున్నట్టే జనం పలచబడ్డారు. మా ఆయనను కారులో ఉండమన్నాను. ఆయన పక్కనుంటే బేరం చెడుతుంది, ఎవరేం చెప్పినా "సరేనండీ" అంటాడు.

తెల్ల బండి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఒక పఠాన్ పెద్దాయన చాయ్ తాగుతున్నాడు. గడ్డానికి గోరింటాకు రంగు. నేను వదినను వెంటబెట్టుకుని ఆయన ముందు నిలబడ్డాను. మాటలన్నీ ఉర్దూలో నడిచాయి.

"ఐదు వందల రియాళ్లు," అన్నాడు. "పోను, రాను. నీళ్ల దగ్గర గంటసేపు."

నేను ముందు నవ్వాను. మా నాన్న దుకాణంలో గట్టి గిరాకులు నవ్వే నవ్వు అది, ధర వినగానే పక్కవాళ్ల వైపు తిరిగి నవ్వాలి. "భాయ్ సాబ్, నేను బండి కొనడానికి రాలేదు. రెండు వందల యాభై."

ఆయన చాయ్ ఒక గుక్క తాగాడు. "నాలుగు వందల యాభై. ఇదే ఆఖరు. పోతే ఇప్పుడే పోవాలి. ఆలస్యమైతే నేను పోను. చీకట్లో గుట్టలు దిగడం మంచిది కాదు."

"మూడు వందలు."

"ఆఖరు చెప్పాను బహెన్."

ఆఖరు అన్న మాటకు మా ఇంట్లో ఒక్కటే అర్థం. ఇంకా రెండు ఆఖర్లు మిగిలి ఉన్నాయని. రెండో ఆఖరు రావాలంటే గిరాకి లేచి పోవాలి. ఇది మా దుకాణంలో రోజూ జరిగే తంతు. గిరాకి లేచిపోతుంటే మా నాన్న చూడనట్టు కూర్చునేవాడు. యజమాని నోటితో వెనక్కి పిలిస్తే పరువు తక్కువ. పిలవడం వదిన పని. ఆమె గద్దె మీద నుంచి కనిపెట్టి ఉండి, గిరాకి మెట్లు దిగి ఒక కాలికి చెప్పు వేసుకుని రెండో చెప్పు కోసం వెతుకుతున్న క్షణంలో, "అమ్మా, రా, మాట్లాడుకుందాం" అని పిలిచేది. ఒక్క క్షణం ముందు పిలిస్తే లోకువ, తర్వాత పిలిస్తే గిరాకి వీధిలో పడుతుంది. నాకు అటువైపు పని వచ్చు. పక్క దుకాణాల్లో ధరలు కనుక్కోవడానికి మా నాన్న నన్ను గిరాకిలా పంపేవాడు. లేచి, వెనక్కి చూడకుండా, తొందర లేనట్టు నడవడంలో జగిత్యాల బజారులో నా అంతటిది లేదు.

అందుకని వదిన చెయ్యి పట్టుకుని నడిచాను.

పది అడుగులయ్యాయి. వెనక ఏమీ వినబడలేదు.

"పిలుస్తడు," అన్నాను మెల్లగా.

"పిలవడు."

"ఎనకకు చూడకు వదినా."

"చూసుడెందుకు? మనం కదిలినప్పుడు ఆయన కుర్చీల కదలలే. పిలిచేటోడు జరంత ముందటికి వంగుతడు పిల్లా. ఇరవై ఐదేండ్లు వంగినదాన్ని, నాకు తెల్వదా?"

"ఇక్కడ పద్ధతి వేరు ఉంటది."

"నేను గదే అంటున్న."

కారు దాకా నడిచాం. మా ఆయన అద్దం దించి "ఏమైంది?" అన్నాడు. "వస్తడు, ఆగు," అన్నాను. కారులో కూర్చుని పక్క అద్దంలోంచి చూస్తూ ఉన్నాను. పఠాన్ పెద్దాయన చాయ్ పూర్తిచేశాడు. గ్లాసు ఇసుకతో రుద్ది కడిగాడు. మా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నేను దిగి ఇంకో ఇద్దరి దగ్గరికి పోయాను, పోటీ కనబడితే మొదటివాడు కరుగుతాడని. ఒకడు ఆరు వందలన్నాడు, నేను బేరం మొదలుపెట్టేలోపే వేరే గిరాకిని ఎక్కించుకుని పోయాడు. రెండోవాడు ఈ పొద్దుకు ఇక పోనన్నాడు. ఇంత సేపట్లో మా వదిన కారు పక్కన ఎండలో నిలబడి ఆ ఇసుక గుట్టల వైపే చూస్తోంది. వాటి అవతల ఉందని ఆమెకు తెలుసు.

అప్పుడు నాకు వెలిగింది. వంకాయల బండివాడికి చీకటి పడితే వంకాయలు వాడిపోతాయి. ఈయనకు చీకటి పడితే ఏమవుతుంది? ఇంటికి పోయి పడుకుంటాడు. వాడిపోయేది నా దగ్గర ఉంది, ఆయన దగ్గర కాదు. ఏడేళ్లుగా కౌంటర్ వెనక నిలబడి, జ్వరంతో వచ్చినవాడు మందు ధర గురించి వాదించడని రోజూ చూస్తున్న దాన్ని. ఈ మాత్రం తట్టలేదు.

ఆయన దగ్గరికి గబగబా తిరిగిపోయాను. "సరే భాయ్ సాబ్, నాలుగు యాభై."

"మాట ఇచ్చేశాను బహెన్." గడ్డం ఎత్తి చూపించాడు. ఒక కుటుంబం బండి వైపు వస్తోంది. బురఖాలో నడివయసు ఆడమనిషి, ఆమె భర్త, అత్తగారు కాబోలు ఒక ముసలామె, ఇద్దరు ఆడపిల్లలు.

"ఐదు వందలు."

ఆయన తల ఊపాడు.

"ఐదు వందల యాభై." నా ధర మీద నేనే పెంచుకోవడం అది మొదటిసారి. చెవులు కాలిపోయాయి. మా నాన్న విని ఉంటే గల్లాపెట్టె తాళంచెవి నా చేతికి ఇంకెప్పుడూ ఇచ్చేవాడు కాదు.

ఆయనకు కోపం కూడా రాలేదు. "మీరు వెళ్లిపోయారు గదా," అన్నాడు. అంతే. నేను వెళ్లిపోలేదని, వెళ్లిపోయినట్టు నడిచానని ఆయనకు ఎట్లా చెప్పేది?

తల వంచుకుని కారు వైపు మళ్లేసరికి వదిన అక్కడ లేదు. నా వెనకాలే వచ్చి, ఆ బురఖా ఆమె దగ్గర నిలబడి ఉంది. ఆమె వదిన చీరకట్టు చూసి తెలుగులో పలకరించిందట.

"మీదే ఊరక్కా?"

"జగిత్యాల. మీది?"

"బోధన్. మా పెద్దాడబిడ్డను కోరుట్లల ఇచ్చినం."

"కోరుట్లలనా, ఏ గల్లీ?"

నేను వినేటప్పటికి వాళ్లు కోరుట్ల గల్లీలు దాటి, మా దుకాణం దాకా వచ్చేశారు. ఆ ఆడబిడ్డ పెళ్లి బట్టలు మా దగ్గరే కొన్నారని ముసలామె దక్కనీలో అంటోంది. "బహుత్ కడక్ భావ్ బోలే థే," అని కూడా అంది, ధర గట్టిగా చెప్పారని. వదిన నవ్వింది. ఆ రోజు మొత్తంలో ఆమె నవ్వడం అదే మొదలు.

తర్వాత వదిన చేసిన పని చూసి నేను బిత్తరపోయాను. చుట్టూ తిప్పలేదు, సందర్భం చూడలేదు. "మీ బండిల ఒక్క జాగ ఉన్నదా అమ్మా? నేను రేపు పొద్దున పోత. సముద్రం చూడలే," అంది.

బోధన్ ఆమె తన భర్త వైపు చూసింది, భర్త పఠాన్ పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన వేళ్లతో లెక్క పెట్టుకుని, "ఒక్కరు పడతారు," అన్నాడు.

"దా అక్కా, పిల్లల పక్కన కూసో."

నేను పర్సు తీశాను. "ఆమె వంతుకు ఎంతైతదో..."

"గదేం మాట," అంది బోధన్ ఆమె. వదిన నా వైపు తిరిగి, "నువ్వు పర్సు లోపల పెట్టు పిల్లా," అంది. ఆ గొంతు నాకు తెలుసు. దుకాణంలో గిరాకి ముందు నేను ధర తప్పు చెబితే అదే గొంతుతో సరిదిద్దేది.

పాత చీర సంచి చంకన పెట్టుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, ఆమె బండెక్కింది. బండి మొదటి గుట్ట మీదికి పాకి, అవతలికి దిగిపోయింది. నేను ఆ గుట్టను చూస్తూ నిలబడ్డాను. వదినకు సముద్రం చూపిస్తానన్నది నేను. తీసుకుపోయింది ఎవరో. కాళ్లు కడుక్కోవడానికి తెచ్చిన నీళ్ల డబ్బా కూడా మా కారు డిక్కీలోనే ఉండిపోయింది.

మా ఆయన దిగి వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఆవిడ అడిగింది ఒక్కటే కదా," అన్నాడు.

"తెలుసు."

"పొద్దున్నే వచ్చుంటే..."

"తెలుసు అన్న గదా."

కాకినాడ మనిషికి సముద్రం అంటే వెనక పెరడు. ఆయన నా బాధ అర్థం చేసుకోవాలని నేను ఆశపడలేదు, ఆయన అర్థం చేసుకున్నందుకే ఎక్కువ కోపం వచ్చింది. రెండు గంటలు అక్కడే ఉన్నాం. సీలైన్‌లోనూ ఒక ఒడ్డు ఉంది. అక్కడికి పోయి కాసేపు నీళ్లలో నిలబడ్డాను. మోటార్ల మోత, పొగ వాసన, కాలి కింద ఎవరో పారేసిన ప్లాస్టిక్ చెంచా. పైగా ఒక ఒంటె మనిషి నా వెంట పడ్డాడు. "మేడమ్, క్యామెల్, యాభై." వద్దన్నాను. "నలభై." ముందుకు నడిచాను. "మేడమ్, ముప్పై." ఇంకా నడిచాను. "మేడమ్, ఇరవై, ఫోటో ఫ్రీ." నేను లేచిపోతే వెనక్కి పిలిచే మనిషి ఆ దేశంలో ఒకడున్నాడు, వాడి దగ్గర నాకు అక్కర్లేని ఒంటె ఉంది. ఆ మనిషి మీద అరిచాను. తర్వాత సిగ్గేసింది.

మసక పడుతుండగా బండి తిరిగి వచ్చింది. వదిన దిగింది. పాత చీరలో ఉంది, మోకాళ్ల దాకా తడిసింది, జుట్టు నిండా ఇసుక. ముసలామెను చెయ్యి పట్టి దింపింది, పిల్లల బుగ్గలు పుణికింది, బోధన్ ఆమెతో ఫోన్ నంబర్లు మార్చుకుంది. పఠాన్ పెద్దాయనకు దండం పెట్టింది. ఆయన గుండెల మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఇంత తతంగమూ అయ్యాక నా దగ్గరికి వచ్చింది.

"ఎట్లుండె వదినా?"

"మంచిగుండె."

"అలలు ఉండెనా?"

"చిన్నయి. చాలు."

"లోపలి దాకా దిగినవా?"

"దిగిన."

ఇంకేం చెబుతుందోనని చూశాను. నీళ్ల డబ్బా తీసి కాళ్లు కడగబోతే, "ఇసుక ఎండితే అదే రాలుతది, ఊకో," అని కారెక్కింది. దారి పొడుగునా ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాను. గుట్టలు ఎంత ఎత్తున్నాయి, బండి భయమేసిందా, నీళ్లు చల్లగా ఉన్నాయా. అన్నిటికీ జవాబు చెప్పింది, ఒక్కో మాటలో. మాటల మధ్య కళ్లు మూసుకుని కూర్చుంది. నిద్రపోలేదు. పెదవుల మీద ఏదో ఉంది, అది నాకోసం కాదు. ఆమె మొదటిసారి నీళ్లను చూసినప్పుడు ఏమన్నదో, ఏమీ అనకుండా నిలబడిందో, ఏడ్చిందో, అదంతా బోధన్‌కు చెందిన ఎవరికో తెలుసు. నాకు తెలియదు. అడిగి తెప్పించుకునేది కాదని మెసైమీర్ దాటేసరికి అర్థమైంది, అయినా అల్ సద్‌లో మా ఇంటి దాకా అడిగాను.

మర్నాడు పొద్దున విమానాశ్రయంలో పెట్టెల లైన్‌లో నిలబడి ఉండగా ఆమె ఫోన్ మోగింది. బోధన్ ఆమె ఫోటోలు పంపింది. వదిన చూసి, నాకు ఇచ్చింది. ఇసుక గుట్ట అంచు, నీలం నీళ్లు, వాటిలో మోకాళ్ల దాకా దిగి అటు తిరిగి నిలబడ్డ వదిన. రెండో ఫోటో కూడా అదే, కొంచెం దూరం నుంచి. మూడోదీ అంతే.

"ముందటి నుంచి తీసినయి లేవా? మొఖం కనబడేటట్టు?"

"ముందట నీళ్లే ఉండె," అంది వదిన. "ఏడ నిలబడి తీస్తరు?"

ఫోన్ తీసుకుని సంచిలో వేసుకుంది. పాస్‌పోర్టు బయటికి తీసి, ముందున్నవాళ్లు జరగగానే పెట్టెను కాలితో నెట్టుకుంటూ ముందుకు పోయింది.